అప్పు తీర్చని వైద్యం నాకెందుకు?

ప్రశ్న: నాకు 43 ఏళ్ళు. ఇందుకూరుపేట మండలంలో ఐదెకరాల చెరువులు లీజుకు తీసుకొని వనామి రొయ్య వేస్తాను. వరసగా రెండు పంటలు వైట్ స్పాట్ వైరస్ తెగులుతో పోయాయి. ఇప్పుడు మూడోది 40 రోజుల మీద ఉంది. ఫీడు డీలరు దగ్గర, బ్యాంకులో, బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పులున్నాయి. కాపలాకు మనిషి ఉన్నా రాత్రి రెండింటికల్లా మెలకువ వచ్చి గట్టు మీదకు పోతాను. ఇంటామె ఏమడిగినా అరుస్తున్నా. తొమ్మిదో తరగతి చదివే మావాడు నేనొస్తే గదిలోకి పోతాడు. నేను లేకపోతే వీళ్ళకు పీడ వదులుతుందేమో అనిపిస్తోంది. లాకర్లో ఉన్న ఆమె నగలు తాకట్టు పెట్టిన సంగతి ఇంకా చెప్పలేదు. మా బావమరిది పట్టుబట్టి నెల్లూరులో ఒక సైకాలజిస్టు దగ్గరకు రెండుసార్లు తీసుకుపోయాడు. ఆమె ఒకసారి "పంట పోతుందన్న ఆలోచనను తరమొద్దు, రానివ్వండి" అంటుంది. ఇంకోసారి "మీరు నిద్రలో ఉండగా అద్భుతం జరిగి సమస్య తీరిపోతే, పొద్దున లేచాక మొదట ఏం గమనిస్తారు?" అంటుంది. సున్నా నుంచి పదికి మార్కులేసుకోమంటే మూడు అన్నాను. మొన్న మేత చూసే చెక్ ట్రేలు కడుగుతుంటే ఇంటామె వచ్చి చెయ్యేసింది, ఆ గంటసేపూ గొడవ రాలేదు, అంతకుమించి మారిందేమీ లేదు. ఇదేం వైద్యం? దీంతో నా అప్పు తీరుతుందా? మూడోసారి పోవాలా, మానాలా? పోతే ఇంటామెను తీసుకుపోవాలా?
– పేరు వద్దు

సమాధానం:

పిల్లవాడి సంగతికీ నగల సంగతికీ మధ్య ఒక వాక్యం రాసి దాటేశారు. నేను దాటలేను. "నేను లేకపోతే వీళ్ళకు పీడ వదులుతుంది" అన్న ఆలోచన అప్పుల్లో ఉన్నవాళ్ళకు, నెలల తరబడి నిద్ర లేనివాళ్ళకు వస్తుంది. వచ్చినంత మాత్రాన మీరు పిరికివారు కారు, మతి చెడినవారూ కారు. అయితే దాన్ని ఒక్కరే మోయకూడదు. ఈరోజే మీ బావమరిదికి చెప్పండి. మిమ్మల్ని పట్టుబట్టి తీసుకువెళ్ళిన మనిషి ఈ మాటా వినగలడు. సైకాలజిస్టుకు ఫోన్ చేసి ఇదే వాక్యాన్ని ఇవే మాటల్లో చెప్పండి, మూడో సెషన్ దాకా ఆగొద్దు. రాత్రిపూట అయితే టెలీ మానస్ నంబరు 14416 ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత సేవ అది, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. చెరువుకు వాడే మందులు, రసాయనాలు షెడ్డులో తాళం వేయించి తాళంచెవి కాపలా మనిషి దగ్గరో బావమరిది దగ్గరో ఉంచండి. ఎప్పుడు, ఎలా అన్న దాకా ఆలోచన పోతే ఒంటరిగా ఉండొద్దు. తోడు మనిషితో నెల్లూరు ప్రభుత్వ పెద్దాసుపత్రికి వెళ్ళండి, బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి. కింద నేను చెప్పబోయే సాధనలు ఏవీ ఈ ఒక్క ఆలోచన మీద మీ అంతట మీరు ప్రయోగించొద్దు. దీన్ని మనిషి దగ్గరకే తీసుకువెళ్ళాలి.

ఇక అప్పు. తీరదు. ఏ థెరపీ కూడా ఒక్క రూపాయి వడ్డీ తగ్గించదు, తగ్గిస్తుందని ఎవరైనా అంటే వాళ్ళ దగ్గరకు పోకండి. మీ సైకాలజిస్టు పని అప్పు మీద కాదు, అప్పు మోస్తున్న మనిషి మీద. నిద్ర లేక, ఇంట్లో ఒక్క మాట చెప్పుకోలేక, ఎవరికెంత బాకీయో కాగితం మీద రాయడానికి కూడా భయపడే స్థితిలో ఉన్న రైతు అప్పు గురించి మంచి నిర్ణయాలు తీసుకోలేడు. ఆ స్థితి మారడానికి ఆమె రెండు పద్ధతులు కలిపి వాడుతున్నట్టుంది. ఆ రెండూ వేరువేరు చోట్ల పుట్టాయి, వేరువేరుగా పనిచేస్తాయి. అవి కలిసేసరికి మీకు గజిబిజిగా అనిపించడంలో వింతేమీ లేదు.

"తరమొద్దు, రానివ్వండి" అన్నది యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ, అంటే ఉన్నదాన్ని ఒప్పుకుని, మాటిచ్చిన పని చేసే పద్ధతి. అమెరికా సైకాలజిస్టు స్టీవెన్ హేస్ 1980ల నుంచి దీన్ని రూపొందించాడు. ఆయన స్వయంగా పానిక్ ఎటాక్‌లతో బాధపడినవాడు. మనసులోని ఆలోచనను బలవంతంగా అణిచితే అది ఇంకా ఎక్కువగా వస్తుంది అన్న గమనిక మీద ఈ పద్ధతి నిలబడింది. 1987లో డేనియల్ వెగ్నర్ అనే పరిశోధకుడు విద్యార్థులను తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దన్నాడు. వాళ్ళకు అది మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చింది. పైగా, ఇక ఆలోచించవచ్చు అన్నాక, మొదటినుంచీ ఆలోచించమని చెప్పినవాళ్ళకంటే వీళ్ళకే ఎక్కువగా వచ్చింది. రాత్రి రెండింటికి "వైట్ స్పాట్ గురించి అనుకోకూడదు" అని మీరు చేసే ప్రయత్నానికీ అదే గతి పడుతుంది.

దీన్ని నా మాట మీద నమ్మనక్కర్లేదు. మేత లెక్కలు రాసే పుస్తకంలోనే ఒక పేజీ తీసుకుని మూడు గడులు గీయండి. మొదటి గడిలో భయం తగ్గించుకోవడానికి మీరు చేస్తున్న పని, రెండో గడిలో దానివల్ల ఊరట ఎంతసేపు ఉంది, మూడో గడిలో దానికి ఏం మూల్యం కట్టారు. రెండింటికి గట్టు మీదకు పోవడం: ఊరట పావుగంట, మూల్యం మర్నాడు మధ్యాహ్నానికి తల పగిలిపోవడం, చిరాకు. మంచంలో ఫోన్ చూడటం: చూస్తున్నంతసేపే ఊరట, మూల్యం మిగిలిన నిద్ర కూడా పోవడం. అరవడం: ఊరట ఒక నిమిషం, మూల్యం పిల్లవాడు గదిలోకి పోవడం. తాగుడు సంగతి మీరు రాయలేదు. అలవాటుంటే అదీ రాయండి. నగల సంగతి దాచడానికి మాత్రం నాలుగు గీతలు ఎక్కువ కేటాయించండి. ఊరట రోజుకు కొంచెం దొరుకుతుంది. మూల్యం ఏమిటంటే, ఆమె "ఏమండీ, బ్యాంకుకు పోయారా?" అని మామూలుగా అడిగినా అది నగల దాకా పోతుందేమోనని మీకు గుండె జారుతుంది, ఆ భయమే అరుపై బయటికొస్తుంది. కోపం తగ్గించుకోవాలని మీరు ఎంత ప్రయత్నించినా తగ్గకపోవడానికి ఇదొక పెద్ద కారణం. సమస్య మీ కోపస్వభావంలో లేదు, ఆ లాకర్లో ఉంది.

ఈ పేజీ నిండాక ఒక సంగతి మీకే కనబడుతుంది: భయాన్ని పోగొట్టే పనుల్లో దాదాపు అన్నీ కొద్దిసేపే పనిచేసి, తర్వాత దాన్ని పెంచుతున్నాయి. అందుకే "రానివ్వండి" అన్నది. చెరువుల దగ్గర పడుకునే మనిషికి నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్ల మోత మధ్యే నిద్ర పడుతుంది కదా, మోత ఆగాలని అతను ఎదురుచూడడు. భయం విషయంలో నేర్చుకోవలసిందీ అదే, అది ఉండగానే పడుకోవడం, ఉండగానే భార్యకు జవాబు చెప్పడం.

సాధన ఇలా. రెండింటికి మెలకువ వచ్చినప్పుడు మొదట "ఇది భయం" అని పేరు పెట్టండి. అది ఒంట్లో ఎక్కడుందో చూడండి. ఛాతీలోనా, పొట్టలోనా, గొంతులోనా? దాని అంచులు ఎక్కడిదాకా ఉన్నాయి, వేడిగా ఉందా, బిగుతుగా ఉందా? దాన్ని తగ్గించడానికి కాదు, చూడటానికి. తర్వాత రెండు పాదాలూ నేలకు గట్టిగా ఆనించండి, వినబడే చప్పుళ్ళు మూడు, కనబడే వస్తువులు మూడు లెక్కపెట్టండి. రెండు మూడు నిమిషాలు చాలు. ఆ తర్వాత ఆ క్షణంలో చేయదలచుకున్న పనికి తిరిగి రండి, మంచం మీద ఉంటే పడుకోవడమే ఆ పని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఒత్తిడిలో ఉన్నవాళ్ళకోసం ఒక బొమ్మల పుస్తకం విడుదల చేసింది, అందులోనూ ఇలా నేలమీద నిలదొక్కుకోవడాన్నే మొదటి సాధనగా పెట్టారు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు: "చేశానండీ, భయం తగ్గలేదు" అంటారు. తగ్గించడానికి చేస్తే ఇది కూడా పై పేజీలో మొదటి గడిలోకి చేరిపోతుంది. భయం అలాగే ఉండి, మీరు గట్టు మీదకు పరుగెత్తకుండా ఉంటే సాధన పనిచేసినట్టే.

ఆలోచనలకు వేరే కిటుకు. "నేను దండగ" అని కాకుండా "నేను దండగ అన్న ఆలోచన నాకు వస్తోంది" అని మనసులో పూర్తి వాక్యంగా అనుకోండి. ఇది మాటల గారడీలా ఉంటుంది. వారం రోజులు చేశాక తీర్పు చెప్పండి. ఇంకొకటి వినడానికి నవ్వొస్తుంది, దానికి వందేళ్ళ పైనే వయసుంది. 1916లో టిచెనర్ అనే ఆయన చెప్పిందాన్ని ఈ థెరపీ తెచ్చుకుంది. ఒక మాటను 30 సెకన్లపాటు ఆపకుండా, వేగంగా, పైకి అనాలి. మొదట "రొయ్య రొయ్య రొయ్య" అని చేసి చూడండి, అర్థం ఊడిపోయి వట్టి చప్పుడు మిగులుతుంది. తర్వాత "దండగ" మాటతో చేయండి. చెరువు దగ్గర ఎవరూ లేనప్పుడు చేసుకోండి, కాపలా మనిషి హడలిపోతాడు. దీన్ని నిజమైన లెక్కల మీద మాత్రం వాడకండి. "ఫలానా తేదీకి వడ్డీ కట్టాలి" అన్నది తేలిగ్గా వదిలేయాల్సిన ఆలోచన కాదు, చేయాల్సిన పని.

ఏది ఒప్పుకోవాలి, ఏది ఒప్పుకోకూడదు అన్నది మీకు చెరువు లెక్కలోనే తెలుసు. వైట్ స్పాట్ వచ్చాక దానికి మందు లేదు. కొద్ది రోజుల్లోనే చెరువంతా ఊడ్చుకుపోవచ్చు. అది జరిగిందని, దానివల్ల గుండెలో బరువుందని ఒప్పుకోవాలి. వైరస్ లేదని పీసీఆర్ పరీక్షలో తేలిన సీడు (రొయ్య పిల్లలు), పీతలు రాకుండా కంచె, పక్షులకు వల, కాలువ నీటిని వడకట్టి క్లోరిన్ పెట్టాకే సీడు వదలడం, ఇవి మీ చేతిలో ఉన్నవి. వీటిని "ఏముందిలే, తలరాత" అని వదిలేయడం ఒప్పుకోవడం కాదు. ఇంట్లోనూ అంతే. భార్యకు కోపం వస్తుందన్నది ఒప్పుకోవాలి. ఆమెకు చెప్పకుండా నగలు పెట్టడం ఒప్పుకోవలసింది కాదు, సరిదిద్దవలసింది.

ఈ పద్ధతి పేరులో రెండో సగం, అంటే మాటిచ్చి పని చేయడం, రాత్రి నడకకూ వర్తిస్తుంది. నీళ్ళలో ఆక్సిజన్ తెల్లవారుజామునే బాగా పడిపోతుంది కాబట్టి చూడటం అవసరమే. కానీ చూడటం వేరు, భయపడి పరుగెత్తడం వేరు. కాపలా మనిషితో ఒక ఒప్పందం పెట్టుకోండి: ఆక్సిజన్ మీటరు అతను చూస్తాడు, రీడింగు 4 పీపీఎం కంటే తగ్గితే, ఏరియేటరు ఆగితే, కరెంటు పోయి జనరేటరు అందుకోకపోతే మీకు ఫోన్ చేస్తాడు. ఫోన్ రాకపోతే మీరు నాలుగున్నరకు ఒక్కసారే వెళ్తారు. మొదటి మూడు నాలుగు రాత్రులు భయం మామూలుకంటే ఎక్కువగా ఉంటుంది, ముందే చెబుతున్నాను. అప్పుడే చాలామంది వదిలేస్తారు.

ఇప్పుడు అద్భుతం ప్రశ్న. ఇది సొల్యూషన్ ఫోకస్డ్ బ్రీఫ్ థెరపీ. అమెరికాలోని మిల్వాకీలో స్టీవ్ డి షేజర్, ఇన్సూ కిమ్ బర్గ్ దంపతులు 1978లో మొదలుపెట్టిన కేంద్రంలో రూపుదిద్దుకుంది. ఒక క్లయింటు విసిగిపోయి, తన సమస్యకు ఇక అద్భుతమే జరగాలి అంటే, అయితే జరిగిందనుకుందాం అని బర్గ్ అందుకోవడంతో ఆ ప్రశ్న పుట్టింది. సమస్యకు మూలం ఎక్కడుందో తవ్వడం ఇందులో ఉండదు. ఏం పనిచేస్తోంది, దాన్ని ఇంకాస్త ఎలా చేయాలి, అంతే. సాధారణంగా నాలుగైదు సెషన్లలో ముగుస్తుంది.

మీరు ఆ ప్రశ్నకు "అప్పు తీరిపోయి ఉంటుంది" అని చెప్పి ఊరుకుని ఉంటారు. దాదాపు అందరూ మొదట అలాంటి జవాబే చెబుతారు. ప్రశ్నలో అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. సరే, తీరింది. పొద్దున ఆరింటికి మీరు ఏం వేరుగా చేస్తారు? మీరేమీ చెప్పకుండానే మీ ఇంటామె ఏం చూసి "ఏదో మారిందే" అనుకుంటుంది? మీవాడు ఏం చూస్తాడు? "కోపం ఉండదు" అనకండి. "ఉండదు" అన్నదాన్ని ఎవరూ చూడలేరు. దాని బదులు ఏం ఉంటుందో చెప్పండి. "టీ తాగుతూ వరండాలో ఆమె పక్కన కూర్చుంటాను, వాణ్ణి స్కూలు బస్సు దాకా బండి మీద దింపుతాను" అన్నది చూడగలిగే జవాబు. అందులో అప్పు తీరితే తప్ప చేయలేనిది ఏదైనా ఉందా చూసుకోండి. బస్సు దాకా దింపడానికి పంట పట్టుబడి దాకా ఆగనక్కర్లేదు. ఆ ప్రశ్న అడిగింది అద్భుతం కోసం కాదు, దాని కోసం ఆగి మీరు వాయిదా వేస్తున్న చిన్న పనుల కోసం.

మూడు మార్కుల సంగతి. మూడు తక్కువని మీకు అనిపించింది. అడగాల్సిన ప్రశ్న "పది ఎందుకు కాదు" అని కాదు, "సున్నా ఎందుకు కాదు" అని. ఇంత జరిగినా మూడో పంట వేశారు, కాపలా మనిషికి జీతం ఆపినట్టు రాయలేదు, రెండుసార్లు నెల్లూరు దాకా పోయారు, నాకు రాశారు. ఆ మూడులో ఇవన్నీ ఉన్నాయి. తర్వాత నాలుగు ఎలా ఉంటుందో చెప్పండి, పది జోలికి పోకండి. నాలుగంటే వారంలో ఒకసారి ఏం జరుగుతుంది? రెండు పద్ధతులూ కలిసినప్పుడు ఇక్కడొక చిక్కు వస్తుంది, మీ సైకాలజిస్టునూ అడగండి. ఒకటి భయం ఉండనివ్వండి అంటుంది, ఇంకొకటి ఏం మెరుగైంది అంటుంది. మెరుగంటే భయం తగ్గడం అనుకుంటే రెండూ కొట్టుకుంటాయి. అందుకని మార్కులు భయానికి వేయకండి, ఆ వారం మీరు నడిచిన తీరుకు వేయండి. భయం తొమ్మిది ఉన్న రోజు కూడా నడక నాలుగు ఉండొచ్చు. ఇంకో జాగ్రత్త: ఈ స్కేలు పట్టుకుని ఇంటామెకు మార్కులు వేయకండి. "నువ్వు నాకు రెండే" అన్నది థెరపీ కాదు, కొత్త గొడవ.

మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన వాక్యం చెక్ ట్రేల వాక్యం. "అంతకుమించి మారిందేమీ లేదు" అని కొట్టిపారేశారు. సమస్య రావలసిన చోట రాని సందర్భాలను వెతకడమే ఈ పద్ధతికి గుండెకాయ. ఆ గంటలో ఏం వేరుగా ఉందో చూడండి. పగటి వేళ. ఇద్దరి చేతుల్లోనూ పని ఉంది. ఎదురెదురుగా కాక పక్కపక్కన కూర్చున్నారు. చేతులు తడిగా ఉన్నాయి కాబట్టి ఫోన్లు లేవు. పిల్లవాడు వినే దూరంలో లేడు. ఆమె అడగకుండా వచ్చింది, మీరు పొమ్మనలేదు. మీ గొడవలన్నీ రాత్రి భోజనాల దగ్గరో పడకగదిలోనో జరుగుతున్నాయని నా అంచనా. అదే నిజమైతే కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. డబ్బు మాటలు రాత్రి ఎనిమిది తర్వాత ఎత్తకూడదు. వారానికి రెండుసార్లు, పొద్దున, గట్టు మీద, ఏదో పని చేస్తూ, 20 నిమిషాలు మాట్లాడాలి. టైము కాగానే సగంలో ఉన్నా ఆపి, మిగతాది వచ్చేసారికి రాసుకోవాలి. ఆపడం ముఖ్యం. బాగా జరుగుతోంది కదా అని గంటకు పొడిగిస్తే ఆ చివరి పావుగంటలోనే అరుపు వస్తుంది.

నగల సంగతి ఈ 20 నిమిషాల్లో పట్టదు, దానికి విడిగా సమయం కావాలి. చట్టప్రకారం స్త్రీధనం ఆమె సొంతం, కాబట్టి ఇది "ఇంటి కోసమే కదా చేశాను" అని చిన్నదిగా చేయదగ్గ విషయం కాదు. చెప్పే ముందు కాగితం సిద్ధం చేసుకోండి: ఏ నగలు, ఎక్కడ పెట్టారు, ఎంత తీసుకున్నారు, వడ్డీ ఎంత, గడువు ఏ తేదీ, గడువు దాటితే ఎప్పుడు వేలానికి పోతాయి, ఆ డబ్బు ఎవరికి కట్టారు. అదే కాగితం రెండో వైపు మిగతా అప్పులన్నీ అసలు, వడ్డీ, తేదీలతో రాయండి. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. పక్కన బ్యాంకు వడ్డీ రాసి చూస్తే ఏది ముందు తీర్చాలో ఆమే చెబుతుంది. ఇది రాసేటప్పుడు చేతులు వణికితే పైన చెప్పిన పాదాల సాధన అప్పుడు చేయండి. భయం పోయాక రాద్దామంటే ఎప్పటికీ రాయరు.

చెప్పేటప్పుడు మొదటి వాక్యంలోనే విషయం ఉండాలి. "లాకర్లో ఉన్న నీ నగలు తాకట్టు పెట్టాను. నీకు చెప్పకుండా చేశాను, అది తప్పు. లెక్కంతా ఇందులో ఉంది." అంతే, ఆపండి. కారణాలు ఆమె అడిగితేనే. ఆమె ఏడుస్తుంది, అరుస్తుంది, లేదా అసలు మాట్లాడదు. మీరు లేచి పోకుండా ఉండాలి. ఆ బరువును మీ ఒంట్లో ఉండనివ్వడం కోసమే ఇన్నాళ్ళ సాధన. ఇక్కడ అందరూ చేసే పొరపాటు వాయిదాల పద్ధతిలో చెప్పడం, ఈరోజు గాజులు, వచ్చే వారం హారం, పండగ తర్వాత బయటి అప్పు. ప్రతి వాయిదా ఆమెకు కొత్త మోసమే. ఒకేసారి మొత్తం చెబితే ఆమె ఒక్కసారే కూలిపోయి లేస్తుంది. ఇంట్లో చెప్పే ధైర్యం లేకపోతే సైకాలజిస్టు గదిలో చెప్పొచ్చు. కానీ ఆమెకు ముందే "డబ్బు గురించి ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి, అక్కడ చెప్తా" అని తెలియజేయండి. పరాయి మనిషి ఎదుట హఠాత్తుగా వినడం రెట్టింపు అవమానం.

భార్యాభర్తలకు ఒప్పుకోలు మీద ఆధారపడిన పద్ధతి విడిగా ఒకటి ఉంది. ఆండ్రూ క్రిస్టెన్సెన్, నీల్ జేకబ్సన్ తయారుచేశారు. అమెరికాలో తీవ్రమైన కలహాల్లో ఉన్న 134 జంటల మీద, దాన్ని పాత పద్ధతితో పోల్చి పరీక్షించారు. ఐదేళ్ళ తర్వాత చూస్తే రెండు పద్ధతుల్లోనూ సుమారు సగం జంటలు చెప్పుకోదగ్గంత మెరుగ్గా ఉన్నాయి, సుమారు నాలుగో వంతు విడిపోయాయి. కాబట్టి ఇది మంత్రం కాదు. అందులో మీకు వెంటనే పనికొచ్చే భాగం ఒకటుంది. ఇద్దరూ కలిసి గొడవను మూడో మనిషిలా బయట పెట్టి చూడటం. మీ ఇంట్లో చక్రం నాకు ఇలా కనబడుతోంది: చెరువులో ఏదో తేడా కనిపిస్తుంది, మీరు నోరు మూసుకుంటారు, ఆమెకు భయమేసి అడుగుతుంది, మీరు అరుస్తారు, ఆమె ఇంకోసారి గట్టిగా అడుగుతుంది లేదా పుట్టింటికి ఫోన్ చేస్తుంది, మీకు తలవంపుగా అనిపించి ఇంకా మూసుకుపోతారు. ఇందులో మీ మౌనమూ ఆమె ప్రశ్నా రెండూ ఒకే భయం లోంచి వస్తున్నాయి. కాగితం మీద గుండ్రంగా గీసి ఆమెకు చూపించి "ఇందులో తప్పేమన్నా రాశానా?" అని అడగండి. ఆమె సరిదిద్దితే వాదించకండి, ఆమె చెప్పినట్టే మార్చండి. తర్వాత చక్రం మొదలైనప్పుడు ఎవరు ముందు గమనిస్తే వాళ్ళు "మళ్ళీ మొదలైంది" అనాలి. మీ వంతు మాట ఇలా ఉండొచ్చు: "నీ మీద కోపం కాదు మే, నాకు భయమేస్తా ఉంది. ఇప్పుడు చెప్పలేను, రేపు పొద్దున గట్టు మీద చెప్తా." చెప్పిన పొద్దున చెప్పకపోతే ఈ మాట రెండోసారి పనిచేయదు.

పిల్లవాడితో మాట్లాడి తీరాలని కూర్చోబెట్టకండి. ఆ వయసువాడికి బండి వెనక కూర్చుని పోయే పది నిమిషాలు చాలు, మార్కుల మాట ఎత్తకుండా. ఒకసారి మాత్రం "నేను అరిచేది నీ వల్ల కాదు, చెరువు దిగుల్లో ఉన్నా" అని చెప్పండి. చెప్పకపోతే పిల్లలు తమ వల్లేనని లెక్కేసుకుంటారు.

ఇవి సరిపోని సందర్భాలున్నాయి. దిగులు, నిద్రలేమి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటి రోజంతా ఉంటే సైకియాట్రిస్టు కూడా చూడాలి. మీరు రాసినదాన్ని బట్టి ఒకసారి చూపించుకోవడమే మంచిది. మాత్రలు రాస్తే థెరపీ ఓడిపోయినట్టు కాదు, రెండూ కలిసి నడుస్తాయి. రోజూ మద్యం తాగేవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే చేతుల వణుకు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది, డాక్టరుతోనే మాన్పించుకోవాలి. చెయ్యి చేసుకోవడం దాకా పోతే జంటగా కౌన్సెలింగ్ ఆపేయాలి, ఆమె భద్రతే ముందు. ఆమెకు 181 నంబరు ఉంది. మీ సైకాలజిస్టు అర్హత అడగడానికి మొహమాటపడకండి, క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టరై ఉండాలి. నాలుగైదు సెషన్లయినా మీ రోజువారీ నడకలో ఏమీ మారకపోతే ఆ మాట ఆమెకే చెప్పండి. పనిచేయనిదాన్ని మార్చడం ఈ పద్ధతిలో రాసిపెట్టి ఉన్న నియమం, ఆమె నొచ్చుకోరు.

మూడోసారి వెళ్ళండి, ఒక్కరే వెళ్ళండి. మూడు గడుల పేజీ, అప్పుల కాగితం, నాకు రాసిన ఈ ఉత్తరం తీసుకువెళ్ళండి. ఈలోపు వారం రోజులు, ఇంట్లో ఇలాగే కొనసాగాలి అనిపించినవి ఏవి జరిగినా, ఎంత చిన్నవైనా, రాత్రి ఒక్క వాక్యం రాయండి. డి షేజర్ బృందం మొదటి సెషన్ తర్వాత అందరికీ ఇచ్చిన పని ఇదే, బహుశా మీకూ ఇచ్చి ఉంటారు, మీరు తేలిగ్గా తీసుకుని ఉంటారు. నగల సంగతి ఎప్పుడు, ఎక్కడ చెప్పాలో ఆ మూడో సెషన్లోనే తేల్చుకోండి. ఇంటామెను నాలుగోదానికి తీసుకుపోండి. అప్పటికి ఆమెకు విషయం తెలిసి ఉండాలి, లేదా అక్కడ వినబోతున్నానని తెలిసి ఉండాలి. రానంటే బలవంతం చేయొద్దు, "నీ గురించి చెప్పడానికి కాదు, నా గురించి నువ్వు చెప్పడానికి" అని ఒకసారి అనండి, అప్పటికీ వద్దంటే ఐదోదానికి మళ్ళీ అడగండి.